శిక్షాస్మృతి నుంచి ఇంటి గడప వరకు: స్వలింగ ప్రేమికులైన యువత, హక్కుల చరిత్రలో మరో దస్త్రం

వ్యాస సంగ్రహం:
భారతదేశంలో స్వలింగ ప్రేమికుల హక్కుల చరిత్రను సాధారణంగా శిక్షాస్మృతి 377వ సెక్షన్ చుట్టూ రాస్తుంటారు. 1860లో మొదలై 2018లో ముగిసే ఆ కథనంలో యువత అనుభవానికి దక్కే చోటు తక్కువ. ఇల్లు విడిచి వెళ్లిన యువతీయువకుల గురించి కుటుంబాలు చేసే ‘తప్పిపోయారు’, ‘అపహరించారు’ అనే ఫిర్యాదులు, వాటి వెంట న్యాయస్థానాలకు చేరే హెబియస్ కార్పస్ పిటిషన్లు మరో చరిత్రను చెబుతాయి. 1871 నాటి వలస చట్టం నుంచి 2024 నాటి సుప్రీంకోర్టు మార్గదర్శకాల వరకు ఈ రెండో ఆధార పరంపరను పరిశీలించి, ప్రజాభిప్రాయంలో వచ్చిన మార్పు ఇంటి లోపలికి ఎంతవరకు చేరిందో చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: 377వ సెక్షన్, స్వలింగ ప్రేమ, యువత, హెబియస్ కార్పస్, కన్నవారి కుటుంబం, ప్రజాభిప్రాయం, హైదరాబాదు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు.

1. ఉపోద్ఘాతం

భారతీయ శిక్షాస్మృతి 1860లో చట్టమై 1862 జనవరి 1న అమలులోకి వచ్చింది. ‘ప్రకృతి విరుద్ధ’ సంభోగానికి యావజ్జీవం లేదా పదేళ్ల వరకు జైలు శిక్షను అందులోని 377వ సెక్షన్ నిర్దేశించింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పరస్పర సమ్మతితో వయోజనుల మధ్య జరిగే లైంగిక చర్యలను ఆ సెక్షన్ పరిధి నుంచి తప్పించింది. ఈ రెండు తేదీల మధ్య జరిగిన న్యాయపోరాటమే హక్కుల చరిత్రగా ప్రచారంలో ఉంది. ఆ చరిత్ర అవసరమైనదే. అయితే అందులోని ప్రధాన పాత్రలు న్యాయమూర్తులు, న్యాయవాదులు, స్వచ్ఛంద సంస్థలు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో తన మనసు ఎటు మొగ్గుతోందో తెలుసుకుని, ఆ సంగతి ఇంట్లో చెప్పలేక సతమతమయ్యే యువకుడు అందులో అరుదుగా తారసపడతాడు. యువతి అయితే ఇంకా అరుదు.

తెలుగు పత్రికల్లో స్థిరపడిన ‘స్వలింగ సంపర్కులు’ అనే మాట కూడా ఈ లోపాన్నే ప్రతిబింబిస్తుంది. మనిషిని అతని లైంగిక చర్యతోనే గుర్తించే ఆ పదం శిక్షాస్మృతి చూపునకు అనువాదం వంటిది. యువత న్యాయస్థానం ముందుకు వచ్చిన సందర్భాలను గమనిస్తే వివాదం చాలాసార్లు చర్య గురించి కాదు, నివాసం గురించి: ఎవరు ఎవరితో ఉండాలి, ఎవరి ఇంట ఉండాలి, వయోజనులైన పిల్లలపై తల్లిదండ్రుల అధికారం ఎంత అనే ప్రశ్నల గురించి. అందువల్ల ఈ వ్యాసంలో ‘స్వలింగ ప్రేమికులు’ అనే మాటకే ప్రాధాన్యం ఇవ్వడమైనది.

2. వలస చట్టాలు: అపహరణ అనే అనుమానం

377వ సెక్షన్‌తో పాటు చదవవలసిన చట్టం 1871 నాటి నేరస్థ తెగల చట్టం. దాని మొదటి భాగం విముక్త జాతుల చరిత్రలో విస్తృతంగా చర్చకు వచ్చింది. రెండో భాగం చట్టపు భాషలో ‘నపుంసకులు’ అనబడిన హిజ్రాలకు సంబంధించినది. పిల్లలను అపహరిస్తారని, అంగవిచ్ఛేదం చేస్తారని, లేదా 377వ సెక్షన్ కింది నేరాలకు పాల్పడతారని అనుమానం ఉన్నవారి పేర్లను, ఆస్తులను నమోదు చేయాలని ఆ భాగం ఆదేశించింది. నమోదైన వ్యక్తి స్త్రీ వేషంలో బహిరంగంగా కనిపించడం, ఆడిపాడడం నేరం. పదహారేళ్లు నిండని బాలుడిని తన వద్ద ఉంచుకోవడం కూడా నేరమే.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన అంశం ఒకటుంది. అపహరణ, 377 అనే రెండు అనుమానాలు ఒకే వాక్యంలో, ఒకే జాబితాలో చేరాయి. కన్నవారి ఇల్లు విడిచి వేరొక బంధుత్వంలోకి వెళ్లిన పిల్లవాడు తనంతట తాను వెళ్లి ఉండవచ్చుననే ఊహకు ఆ చట్టంలో తావు లేదు. అతడిని ఎవరో ఎత్తుకుపోయి ఉండాలి. వాయవ్య రాష్ట్రాలలో ఈ చట్టం అమలైన తీరును జెస్సికా హించీ 2019లో ప్రచురించిన గ్రంథంలో వివరంగా పరిశోధించారు. హిజ్రాల ఇళ్లలోని బాలలను వేరు చేయడం, కొత్తవారు చేరకుండా చూసి క్రమంగా ఆ సముదాయమే అంతరించేలా చేయడం అధికారుల లక్ష్యమని ఆమె నిరూపించారు. బాలల రక్షణ అనే వాదనలో కొంత నిజాయితీ ఉండి ఉండవచ్చు. కాని రక్షించదలచిన బాలుడి మాట వినాలన్న పట్టింపు ఆ చట్టంలో కనిపించదు.

ఇదే నమూనా నిజాం రాజ్యానికీ చేరింది. 1329 ఫసలీలో, అనగా 1919లో, హైదరాబాదు సంస్థానం ఇటువంటి చట్టాన్నే చేసింది. నమోదు పట్టిక, వారంటు లేని అరెస్టు, స్త్రీ వేషధారణకు రెండేళ్ల వరకు జైలు, పదహారేళ్లలోపు బాలుడు వెంట ఉంటే శిక్ష మొదలైన అంశాలన్నీ అందులో ఉన్నాయి. సంస్థానం భారతదేశంలో కలిసినా, భాషాప్రయుక్త రాష్ట్రం ఏర్పడినా, తెలంగాణ వేరుపడినా ఆ చట్టం గ్రంథంలో అలాగే మిగిలిపోయింది.

ఈ కాలపు వ్యాజ్యాల్లో 1884లో అలహాబాదు హైకోర్టు విచారించిన ఖైరాతి కేసు ప్రసిద్ధం. స్త్రీ దుస్తులు ధరించి స్త్రీల మధ్య పాడుతుండగా పోలీసులు ఆ వ్యక్తిని పట్టుకున్నారు. వైద్య పరీక్ష జరిపించి, 377 కింద సెషన్స్ కోర్టులో శిక్ష వేయించారు. నేరం ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో జరిగిందో ఆధారమే లేదని హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. శిక్ష నిలవలేదు. నిఘా, అరెస్టు, శరీర పరీక్ష మాత్రం అప్పటికే జరిగిపోయాయి. తరువాతి శతాబ్దంలోనూ ఈ సెక్షన్ ఎక్కువగా పనిచేసింది ఇలాగే.

3. లెక్కకు అందని భయం

స్వాతంత్ర్యానంతరం దాదాపు నాలుగు దశాబ్దాలు ఈ విషయంపై బహిరంగ చర్చ అరుదు. గణితంలో పేరుపొందిన శకుంతలా దేవి 1977లో స్వలింగ ప్రేమికుల జీవితంపై ఒక పుస్తకం రాయడం అప్పటికి ఆశ్చర్యకరమైన మినహాయింపు. 1987 డిసెంబరులో మధ్యప్రదేశ్‌లో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు పెళ్లి చేసుకున్నారు. కొద్ది వారాల్లోనే వారి ఉద్యోగాలు పోయాయి. వారిపై 377 ప్రయోగించలేదు. ఆ సెక్షన్‌కు న్యాయస్థానాలు ఇచ్చిన వివరణ ప్రకారం స్త్రీల మధ్య సంబంధం దాని కిందికి రావడమే కష్టం. అయినా జీవనోపాధి పోవడానికి ఆ సెక్షన్ అవసరం కాలేదు. హక్కుల చరిత్రను ఒక్క సెక్షన్‌కు కుదిస్తే ఇటువంటి ఘటనలు పక్కకు జారిపోతాయి.

1991లో ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే ఢిల్లీ సంస్థ స్వలింగ ప్రేమికుల స్థితిపై నివేదిక ప్రచురించింది. తిహార్ జైలులో కండోముల పంపిణీకి అధికారులు నిరాకరించడంతో 1994లో 377ను సవాలు చేసింది. ఆ పిటిషన్ విచారణ లేకుండానే ముగిసింది. 2001 జూలైలో లక్నోలో హెచ్‌ఐవీ నివారణకు పనిచేస్తున్న కార్యకర్తలను ఇదే సెక్షన్ చూపి అరెస్టు చేసి, నెలన్నరకు పైగా జైలులో ఉంచారు. ఆ ఏడాది డిసెంబరులో నాజ్ ఫౌండేషన్ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. 2009 జూలై 2న ప్రధాన న్యాయమూర్తి ఎ.పి. షా, న్యాయమూర్తి ఎస్. మురళీధర్‌ల ధర్మాసనం వయోజనుల ఏకాంత సంబంధాలు నేరం కావని తీర్పు చెప్పింది. నాలుగేళ్ల తరువాత, 2013 డిసెంబరు 11న, కౌశల్ కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది.

కౌశల్ తీర్పులోని ఒక వాదన ఈ చర్చకు కీలకం. స్వలింగ ప్రేమికులు జనాభాలో అతి స్వల్ప భాగమని, 150 ఏళ్లకు పైబడిన కాలంలో ఈ సెక్షన్ కింద విచారణ ఎదుర్కొన్నవారు రెండు వందలకు లోపేనని ధర్మాసనం పేర్కొంది. ఉన్నత న్యాయస్థానాల్లో నివేదితమైన తీర్పుల లెక్క అది. పోలీసు స్టేషన్ దాకా వచ్చి లంచంతో ముగిసిన కేసు అందులోకి రాదు. ‘నీ సంగతి పోలీసులకు చెబుతాం’ అని ఇంట్లోవారు కొడుకును బెదిరించిన రాత్రీ రాదు. చట్టం శిక్షించిన వారి సంఖ్య చూసిన న్యాయస్థానం, చట్టాన్ని చూపి ఇతరులు అదుపులో పెట్టిన వారి సంఖ్యను అడగనే లేదు. చరిత్రకారుడి దృష్టిలో ఇది ఆధారాల ఎంపికలో జరిగిన పొరపాటు. దాని మూల్యం మాత్రం మనుషులు చెల్లించారు.

అదే వ్యాజ్యంలో కొందరు తల్లిదండ్రులు తమ పిల్లల పక్షాన జోక్యం చేసుకోవడానికి ముందుకు వచ్చారు. చట్టం తమ కుటుంబాలను భయంలో ఉంచుతోందని వారు విన్నవించారు. ఆ వాదన కౌశల్ తీర్పు ఫలితాన్ని మార్చలేకపోయినా, ఇంటి సంగతి న్యాయస్థానంలోకి రావడం అక్కడ మొదలైంది.

4. పిటిషనర్లుగా యువత

2014 ఏప్రిల్ 15 నాటి నల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల స్వీయ గుర్తింపును హక్కుగా అంగీకరించింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటిస్తూ, లైంగిక ప్రవృత్తి అందులో అంతర్భాగమని స్పష్టం చేశారు. ‘అతి స్వల్ప భాగం’ అనే వాదనకు అక్కడే సమాధానం దొరికింది.

377పై చివరి దశ పిటిషన్ల క్రమం గమనార్హం. 2016లో కోర్టుకు వెళ్లిన నర్తకుడు నవ్‌తేజ్ సింగ్ జోహార్, పాత్రికేయుడు సునీల్ మెహ్రా, పాకశాస్త్ర నిపుణురాలు రీతూ దాల్మియా తదితరులు తమ రంగాల్లో స్థిరపడినవారు. ‘బాధితులు ఎక్కడున్నారు?’ అన్న ప్రశ్నకు జవాబుగా పేరు, ముఖం చూపగల స్థితి వారికి ఉంది. 2018 మే నెలలో ఐఐటీల పూర్వ విద్యార్థులు, విద్యార్థులు ఇరవై మంది మరో పిటిషన్ వేశారు. ‘ప్రవృత్తి’ అనే వారి బృందంలో అప్పటికి సుమారు 350 మంది సభ్యులు. అన్వేష్ పొక్కులూరి పేరున నమోదైన ఆ వ్యాజ్యంలో మొదటి పిటిషనర్ ఇంటిపేరే తెలుగు పాఠకుడిని ఆపుతుంది. చదువులో తోటివారితో పోటీపడి నెగ్గిన యువత, తమ అస్తిత్వాన్ని దాచుకోవడం వల్ల మనసు ఎంత కుంగిందో ఆ పిటిషన్‌లో చెప్పుకొన్నారు. కుటుంబాలు ఎంతో గర్వంగా చెప్పుకునే విద్యాసంస్థల నుంచి ఈ మాట రావడం వల్ల మధ్యతరగతి ఇళ్లలో దానిని వినక తప్పలేదు. ప్రతిభావంతులు కాకపోతే వారి మాట వినేవారా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే.

ఆ ఏడాది సెప్టెంబరు తీర్పులో న్యాయమూర్తి ఇందూ మల్హోత్రా, ఈ సముదాయానికి, వారి కుటుంబాలకు జరిగిన అవమానానికి చరిత్ర క్షమాపణ చెప్పవలసి ఉందన్నారు. ఆ వాక్యం ఎంతో ప్రచారం పొందింది. అందులో ‘కుటుంబాలకు’ అన్న మాటను మాత్రం ఎక్కువమంది గమనించలేదు. చాలామంది యువతకు కుటుంబం తోటి బాధితురాలు కాదు, ఎదుటి పక్షం.

5. 377 తరువాత: హెబియస్ కార్పస్ దస్త్రం

తీర్పు వెలువడి మూడు వారాలు గడవకముందే, 2018 సెప్టెంబరు 24న, కేరళ హైకోర్టు ఇద్దరు వయోజనులైన స్త్రీలు కలిసి జీవించడానికి అనుమతించింది. వారిలో ఒకరిని కుటుంబం బలవంతంగా తీసుకుపోయిందని రెండో వ్యక్తి హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. నేరశిక్ష భయం తొలగిన వెంటనే కోర్టుకు వచ్చిన సమస్య ఇదన్నమాట. అక్రమ నిర్బంధంలో ఉన్న వ్యక్తిని న్యాయస్థానం ముందు హాజరు పరచమని కోరేది హెబియస్ కార్పస్. రాజ్యం చేతిలో బందీలైన వారి కోసం పుట్టిన ఈ రిట్, కన్నవారి చేతిలో బందీలైన వయోజనుల కోసం ఎక్కువగా వాడుకలోకి రావడం మన సమాజపు ప్రత్యేక చరిత్ర. కులాంతర, మతాంతర ప్రేమికులకూ ఇదే రిట్ దిక్కయింది.

దీనికి మరో పార్శ్వం తప్పిపోయినవారి ఫిర్యాదు. 2021లో మదురై నుంచి చెన్నైకి వెళ్లిన ఇద్దరు యువతులపై తల్లిదండ్రులు వేర్వేరుగా ఫిర్యాదు చేశారు. పోలీసుల విచారణలతో విసిగిన ఆ ఇద్దరూ రక్షణ కోరి మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఈ విషయంలో తన అవగాహన చాలదని బహిరంగంగా చెప్పి, మనస్తత్వ నిపుణుల వద్ద కూర్చుని నేర్చుకున్న తరువాతనే 2021 జూన్ 7న ఆదేశాలిచ్చారు. తప్పిపోయారన్న వ్యక్తులు పరస్పర సమ్మతితో ఉన్న వయోజనులని తేలితే, వాంగ్మూలం తీసుకుని, వేధించకుండా ఫిర్యాదును ముగించాలన్నది అందులో ప్రధానమైనది. 1871 చట్టం అడగని ప్రశ్నను, అంటే వెళ్లిన వ్యక్తి ఇష్టాన్ని, ఈ ఆదేశం మొదటి స్థానంలో నిలిపింది. ఆ వ్యాజ్యం ఫలితంగానే తమిళనాడు 2022లో పోలీసుల ప్రవర్తనా నియమావళిని సవరించింది, గౌరవప్రదమైన తమిళ పదావళిని రాజపత్రంలో ప్రకటించింది.

లైంగిక ప్రవృత్తిని ‘మారుస్తామనే’ చికిత్సలను నిషేధించాలన్న ఆదేశం కూడా అందులో ఉంది. స్వలింగ ప్రేమను మానసిక రోగాల పట్టిక నుంచి అమెరికా మనోవైద్యుల సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తొలగించాయి. భారతదేశంలో ఈ చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా జాతీయ వైద్య కమిషన్ పేర్కొన్నది 2022లో. ఈ మధ్యకాలమంతా కుటుంబం, వైద్యుడు కలిసి యువత శరీరాలపై చేసిన ప్రయోగాలకు దస్త్రాలు దొరకడం కష్టం. నిర్బంధించినవారే ‘సంరక్షకులు’గా సంతకం పెట్టిన చోట బాధితుడి ఫిర్యాదు ఎలా మిగులుతుంది?

6. వివాహ వ్యాజ్యం, పుట్టింటి హింస

2022 నవంబరులో హైదరాబాదులో నివసించే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ స్వలింగ వివాహానికి చట్టబద్ధత కోరుతూ సుప్రీంకోర్టును ఆశ్రయించారు. అంతకు ముందటి ఏడాది డిసెంబరులో ఇరువైపుల బంధుమిత్రుల సమక్షంలో వారు వేడుక జరుపుకున్నారు. వివాహ వ్యాజ్యాలన్నీ ఆ పేరుతోనే ప్రసిద్ధమయ్యాయి. వాటితో కలిపి విన్న మరో పిటిషన్, రితుపర్ణా బోరా తదితరులది, వేరే మాట చెప్పింది: ఎందరో యువతులకు మొదటి అవసరం పెళ్లి కాదు, పుట్టింటి హింస నుంచి రక్షణ. 2023 ఏప్రిల్‌లో పౌరహక్కుల ప్రజాసంఘం మరికొందరితో కలిసి జరిపిన ఆంతరంగిక విచారణలో 31 మంది తమ ఇళ్లలో జరిగినది చెప్పారు. ‘అప్‌నోం కా బహుత్ లగ్‌తా హై’ అని ఆ నివేదికకు పేరు. సొంతవాళ్లు కొట్టిన దెబ్బే ఎక్కువ నొప్పి అని దాని భావం. అదే నెలలో ‘స్వీకార్’ అనే తల్లిదండ్రుల బృందం తరఫున నాలుగు వందల మందికి పైగా తమ పిల్లల వివాహ హక్కును సమర్థిస్తూ ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. ఒకే నెలలో ఇంటి రెండు ముఖాలూ దస్త్రానికి ఎక్కాయి.

2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులూ వివాహం ప్రాథమిక హక్కు కాదన్నారు. ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ తన తీర్పులో, ఇష్టం లేని వ్యక్తులను పోలీసులు కన్నవారి ఇంటికి బలవంతంగా పంపరాదని స్పష్టంగా ఆదేశించారు. కాని అది అల్పసంఖ్యాక తీర్పు కావడం వల్ల ఆ ఆదేశానికి బలం లేకపోయింది. వివాహం గురించిన చర్చా కోలాహలంలో ఈ నష్టం పెద్దగా ఎవరి కంటా పడలేదు. దానిని కొంతవరకు పూడ్చినది 2024 మార్చి 11 నాటి దేవు జి. నాయర్ కేసు మార్గదర్శకాలు. హెబియస్ కార్పస్ విచారణలో నిర్బంధంలో ఉన్న వ్యక్తితో న్యాయమూర్తి ఏకాంతంగా మాట్లాడాలని, సంబంధం ఎలాంటిదని ఆరా తీయరాదని, కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చేయరాదని, తిరిగి వెళ్లనంటే వెంటనే విడిచిపెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. కుటుంబమంటే కన్నవారే కానవసరం లేదని, ఎంచుకున్నవారూ కుటుంబమేనని గుర్తించింది.

7. సర్వేలు చెప్పేది

ప్రజాభిప్రాయం మారిందనడానికి అంకెలున్నాయి. స్వలింగ ప్రేమను సమాజం అంగీకరించాలన్న భారతీయులు 2014లో 15 శాతం, 2019లో 37 శాతమని ప్యూ సంస్థ సర్వేలు తెలిపాయి. 2023లో అదే సంస్థ అడిగినప్పుడు 53 శాతం మంది స్వలింగ వివాహాన్ని సమర్థించారు. ప్రశ్నలు వేరు కనుక ఈ మూడింటినీ ఒకే గీత మీద చుక్కలుగా పెట్టకూడదు. అయినా మార్పు దిశ స్పష్టం. యువత సహజంగానే ఉదారంగా ఉంటుందన్న నమ్మకానికి మాత్రం ఆధారం బలహీనం. 2016లో 15 నుంచి 34 ఏళ్ల వారిపై లోక్‌నీతి–సీఎస్‌డీఎస్ జరిపిన అధ్యయనంలో సుమారు 61 శాతం మంది స్వలింగ సంబంధాలను తప్పుపట్టారు. అంటే ఇంట్లో చెప్పుకోలేని యువకుడికి హాస్టల్ గదిలోనూ వినేవారు దొరకడం కష్టమైన పరిస్థితి.

‘సమాజం అంగీకరించాలా?’ అన్న ప్రశ్నకు అవునన్నవారు ‘మీ అమ్మాయి అయితే?’ అన్న ప్రశ్నకు ఏమంటారో ఆ అంకెలు చెప్పవు. పరువు, సంబంధాలు, చెల్లెలి పెళ్లి అనే లెక్కలు మొదలయ్యేది ఆ రెండో ప్రశ్న దగ్గరే.

8. తెలుగు నేల మీద

2023 జులై 6న తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కరరెడ్డిల ధర్మాసనం 1329 ఫసలీ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో వేసిన వ్యాజ్యమిది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పింఛను వర్తింపజేయాలని కూడా ధర్మాసనం ఆదేశించింది. నూరేళ్లు దాటిన చట్టం అలా పోయింది.

చట్టం పోయినంత మాత్రాన, ఇల్లు విడిచినవారిని ఎవరో ఎత్తుకుపోయారనే పాత ఊహ పోలేదు. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చిన హెబియస్ కార్పస్ పిటిషన్‌లో ఇద్దరూ వయోజనులైన స్త్రీలు. తన సహచరిని ఆమె తండ్రి బలవంతంగా తీసుకుపోయి ఇంట్లో ఉంచారని పిటిషనర్ ఆరోపణ. అంతకుముందు ఒకసారి పోలీసులు ఆమెను తండ్రి వద్ద నుంచి విడిపించినా, తాను మేజర్‌నని, సహచరితోనే ఉంటానని ఆమె చెబుతున్నా, పదిహేను రోజులు సంక్షేమ గృహంలో ఉంచారని కూడా పిటిషన్ తెలిపింది. దేవు జి. నాయర్ మార్గదర్శకాలు వెలువడి అప్పటికి ఏడాది కూడా కాలేదు. న్యాయమూర్తులు ఆర్. రఘునందనరావు, కె. మహేశ్వరరావుల ధర్మాసనం ఆమెను పిలిపించి ఇష్టం తెలుసుకుంది. ఆమె కోరిన చోటికి, కోరిన వ్యక్తితో వెళ్లడానికి అనుమతిస్తూ, వారి జీవితంలో జోక్యం చేసుకోవద్దని తల్లిదండ్రులను ఆదేశించింది. తండ్రిపై అంతకుముందు ఇచ్చిన ఫిర్యాదును వదులుకోవడానికి ఆమె ఆ విచారణలోనే సిద్ధపడింది.